జరిమానా సరే, లాగిన్ల ఖర్చు ఎవరిది?

రోగుల రికార్డుల గోప్యతకు ఒడిశా సొంత చట్టం తెస్తే ఖజానాపై భారమేమీ పడదని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. చట్టం రాయడానికి పడదు, నడపడానికి పడుతుంది. పర్లాకిమిడి, రాయగడ వైపు ఓపీ కౌంటర్లో నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఏ ఫైలు ఎవరు తెరిచారో ఎప్పటికీ తేలదు. మనిషికో లాగిన్ ఇవ్వాలి, బదిలీ అయిన రోజే దాన్ని మూసేయాలి, లాగ్‌లను, అంటే ఏ ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో చూపే నమోదులను, వారం వారం చూసే మనిషిని పెట్టాలి. సర్వర్ ఒకసారి కొంటే కొన్నేళ్లు వస్తుంది, జీతం మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

లాగ్‌లు ఏడాది ఉంచడం, డేటా పొక్కితే 72 గంటల్లో కేంద్ర డేటా రక్షణ బోర్డుకు వివరాలివ్వడం, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద కేంద్రం తెచ్చిన 2025 నియమాల్లోనే ఉన్నాయి. 2027 మే నుంచి అమలు. రాష్ట్ర చట్టంలో మళ్లీ అదే రాస్తే రెట్టింపు ఆడిట్లే. పైగా కేంద్ర చట్టం కింద 250 కోట్ల రూపాయల దాకా ఉన్న జరిమానా కేంద్ర ఖజానాకు, అంటే భారత సంచిత నిధికి పోతుంది. రోగికి పైసా రాదు!

కేంద్ర చట్టం పట్టించుకోనిది కాగితం. డిజిటల్ చెయ్యని కేస్‌షీట్లు దాని కిందికి రావు. రాష్ట్రం చెయ్యాల్సింది అక్కడే: తాళం బీరువా, ఫైలు ఎవరు తీశారో రాసే రిజిస్టరు. ఖర్చూ తక్కువే.

సమ్మతి పత్రం ఒడియాలో ఒక్కటే అచ్చువేసి తెలుగు ముసలమ్మ చేత వేలిముద్ర వేయిస్తే అది సమ్మతి కాదు. ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా నోటీసు చదువుకునే వీలు కేంద్ర చట్టం ఇచ్చింది. ఇక విశాఖ కేజీహెచ్‌కు రిఫర్ చేస్తే, ఆంధ్ర సరిహద్దులోని పాతపట్నం దాటాక ఒడిశా చట్టం ఆ ఫైలును ఎలా కాపాడుతుందో వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.