డ్రమ్ములో దోమ, వీధిలో పొగ

దోమల మందు పొగ వదిలే బండి చప్పుడు వినగానే మా వీధిలో అందరం చేసే మొదటి పని తలుపులు మూసుకోవడం. ఆ వాసన ఇంట్లోకి రాకూడదని కిటికీలు కూడా బిగిస్తాం. పిల్లలు మాత్రం కేకలేస్తూ బండి వెనక పరుగెడతారు. పది నిమిషాల్లో పొగ తేలిపోతుంది, వీధంతా శుభ్రమైపోయినట్టు అనిపిస్తుంది. అయితే డెంగీని మోసే దోమ ఎక్కువగా ఉండేది వీధిలో కాదు, మంచం కింద, కొక్కేనికి తగిలించిన చొక్కాల వెనక, బీరువా పక్కన చీకట్లో. తలుపులేసి మరీ దాన్ని కాపాడుతున్నది మనమే.

జ్వరాల కాలం వచ్చిందంటే మన చూపు ముందు పోయేది మురికి కాలువ మీదికే. పోవడంలో తప్పులేదు, కంపు కొట్టేది అదే కాబట్టి. కానీ అందులో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. రాత్రిళ్లు చెవి దగ్గర పాట పాడి నిద్ర చెడగొట్టేది, బోదకాలును మోసేది అదే. డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఏడిస్ ఈజిప్టై తీరు వేరు. ఒంటి మీద తెల్ల మచ్చలు, కాళ్లకు తెల్ల చారలు. కుట్టేది పగలు. గుడ్లు పెట్టడానికి దానికి కావలసింది మనం తాగడానికో వాడుకోవడానికో పట్టుకున్న నీళ్లే. పైగా అది దూరం ఎగిరే రకం కాదు. పుట్టినచోటి నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు. కాబట్టి మిమ్మల్ని మధ్యాహ్నం కుట్టిన ఏడిస్ మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టి ఉంటుంది.

ఈ సంగతి నాకు అర్థమైంది పక్కింటి అబ్బాయికి డెంగీ వచ్చినప్పుడు. ప్లేట్‌లెట్లు ఎంత, ఎవరి రక్తం సరిపోతుంది అని వీధంతా ఒకటే టెన్షన్. తప్పంతా కాలువదే అని తేల్చేసి ఫిర్యాదు రాశాం, నేను కూడా సంతకం పెట్టాను. రెండు రోజుల తర్వాత ఒక ఆరోగ్య కార్యకర్త వచ్చింది. కాలువ వైపు ఒకసారి చూసి, నేరుగా లోపలికెళ్లి “ఫ్రిజ్ ఎక్కడుందమ్మా?” అని అడిగింది. ఫ్రిజ్ వెనక అడుగున నీళ్లు చేరే ట్రే ఒకటి ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్ని బయటికి లాగి, టార్చి వేసింది. వెలుగు పడగానే వెంట్రుకంత పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. తర్వాత మా ఇంటికొచ్చింది. మా నీళ్ల డ్రమ్ములో కూడా అవే. సంతకం పెట్టిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నీళ్లు పారబోస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోదట. ఏడిస్ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు. నల్లగా, ఆవగింజ కన్నా ఎంతో చిన్నవి, గోడకు అతుక్కుపోయి ఉంటాయి. డ్రమ్ము ఎండినా అవి చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. వేసవి పోగానే కూలర్ అటకెక్కిస్తాం, తర్వాతి వేసవిలో దించి నీళ్లు పోస్తాం. నీళ్లు తగిలిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పగలడం మొదలు. అక్కడినుంచి వారం, పది రోజుల్లో దోమ. అందుకే కొబ్బరి పీచుతో లోపలి అంచు గట్టిగా తోమాలి. ఈ ఒక్క మాట గోడల మీది నినాదాల్లో ఎక్కడా పెద్దక్షరాల్లో కనిపించదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ‘దోమలపై దండయాత్ర’ అన్నారు. తెలంగాణలో 2020లో ‘ప్రతి ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు’ అని ఇంట్లో నిలిచిన నీళ్లు తీసేయమన్నారు. శుక్రవారం శుక్రవారం నిల్వ నీళ్లు పారబోసి పాత్రలు ఆరబెట్టే ‘ఫ్రైడే డ్రైడే’ రెండుచోట్లా ఉంది. వారానికోసారి అనడంలో లెక్క ఉంది: గుడ్డు దోమయ్యేలోపు ఆ చక్రాన్ని తెంపడం. లెక్క సరైనదే. కానీ ఆ లెక్కలో కుళాయి లేదు.

హైదరాబాద్‌లో చాలా కాలనీలకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఎండాకాలంలో నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్లు కూడా ఉన్నాయి. ట్యాంకరు దగ్గర బిందెలతో తోసుకుని, గొడవపడి తెచ్చుకున్న నీళ్లను శుక్రవారమైందని పారబొయ్యమంటే ఏ ఇల్లాలు పారబోస్తుంది? నీళ్లు దాచుకోవడం ఆమె నిర్లక్ష్యం కాదు, జాగ్రత్త. దోమ బతుకుతున్నది ఆ జాగ్రత్త మీదే.

చికున్‌గున్యా సంగతి గుర్తు తెచ్చుకోండి. 1973 తర్వాత మన దేశంలో మాయమైందనుకున్న ఆ జ్వరం 2005 చివర్లో మళ్లీ వచ్చింది. మొదట దెబ్బతిన్నవాటిలో రాయలసీమ ఊళ్లు కూడా ఉన్నాయి. 2006లో దేశమంతటా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. కీళ్లు పట్టేసి మనుషులు నెలల తరబడి కుంటారు. పేరు విని చికెన్ మానేసినవాళ్లు కూడా ఉన్నారు. వానలు పడకముందే, నడి వేసవిలోనే అది అంతలా పాకింది. కరువు సీమలో గుంటలు, కాలువలు ఎండిపోయిన రోజుల్లో దోమకు నీళ్లెక్కడివి? ఇళ్ల ముందరి సిమెంటు తొట్లలోవి.

దోమ పుట్టిన ఇంటికి జరిమానా వేయాలని కొందరంటారు, సింగపూర్‌ను చూపిస్తారు. నిజమే, అక్కడ వేస్తారు. అక్కడ కుళాయిలో 24 గంటలూ నీళ్లొస్తాయన్నది మాత్రం చెప్పరు. మన దగ్గర జరిమానా మొదలుపెట్టాలంటే నా ఓటు ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్లకు. లిఫ్టు గుంటలో, సెల్లార్‌లో నెలల తరబడి నిలిచే నీళ్లు ఎవరూ తాగడానికి దాచుకున్నవి కావు.

ఇళ్ల విషయంలో చేయాల్సింది వేరు. మా వీధికి సర్వేకు వచ్చేవాళ్లు లార్వా, అంటే దోమ పిల్ల పురుగు, ఉందా లేదా అని రాసుకుపోతారు. ఏ పాత్రలో ఉంది, ఆ వీధికి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తున్నాయి అనే రెండు గడులు కూడా ఆ కాగితంలో ఉండాలి. అప్పుడు ఆ కాగితం ఆరోగ్య శాఖ దగ్గరే ఆగదు, నీళ్ల శాఖ కూడా జవాబు చెప్పాల్సి వస్తుంది. కాలువలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు), చెరువులో లార్వాలను తినే గంబూసియా చేపలు వేస్తే ఫొటో బాగా వస్తుంది. డ్రమ్ము మూతకు ఫొటో రాదు. పొగకయ్యే ఖర్చులో కొంత పెట్టి పేదల బస్తీల్లో బిగుతైన మూతలు పంచితే ఏమవుతుందో ఒక్క ఏడాదైనా ఏ మున్సిపాలిటీ అయినా చేసి చూడొచ్చు.

మా వీధికి నీళ్లు ఇప్పటికీ రోజు విడిచి రోజే. డ్రమ్ము అక్కడే ఉంది. మూత పగిలి చాలా కాలమైంది, మా అమ్మ దాని మీద పాత పంచె రెండు మడతలుగా పరిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టింది.