షోరూమ్ గడప దాటితే పొగకు చట్టం లేదా?

విజయవాడ ఆటోనగర్‌లో కొత్త లారీ తిప్పేవాళ్ల లెక్కల్లో ఇప్పుడు డీజిల్‌తోపాటు యూరియా ఖర్చు కూడా ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) వాహన కాలుష్య నిబంధనల పుణ్యమది. యూరియా ద్రావణం పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను హానిలేని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. బీఎస్-5ను దాటవేసి ఒక్క అంగలో ఇక్కడికి వచ్చాం. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దిగింది. నిజంగా పెద్ద పనే. మెచ్చుకోవడం ఇక్కడితో ఆపుతాను.

ఎందుకంటే బండి షోరూమ్ గడప దాటిన మరుక్షణం ప్రభుత్వం కళ్లు మూసుకుంటుంది. ఆ తర్వాత మిగిలేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కించి పొగ ఎంత నల్లగా వస్తోందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే ఉండదు. ఏ విషవాయువు కోసం లారీ ధర పెంచి మరీ యూరియా ట్యాంకు బిగించారో, సరిగ్గా దాన్నే కొలవరు! సెన్సార్‌ను ఏమార్చి యూరియా పోయడం మానేసిన లారీ సైతం ఈ పరీక్షలో దర్జాగా గట్టెక్కుతుంది. ఆ పరీక్షైనా సవ్యంగా జరుగుతుందా? బంకు పక్కన ఆగిన వ్యాను దగ్గర ఒకసారి నిలబడి చూడండి. నంబరు ప్లేటు ఫోటో తీయడంలో ఉన్న శ్రద్ధ పొగ గొట్టం మీద ఉండదు. గొట్టంలో పైపు దిగీ దిగకముందే ప్రింటరు చప్పుడు మొదలవుతుంది. ఈ కాగితం లేకపోతే 2019 సవరణ ప్రకారం జరిమానా 10,000 రూపాయల దాకా!

2015లో బయటపడ్డ జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ పొగ పరీక్షల మోసం ప్రపంచానికి ఒక పాఠం నేర్పింది. ప్రయోగశాలలో బుద్ధిగా ఉండే ఇంజిన్ రోడ్డెక్కగానే రంగు మారుస్తుంది. అందుకే మన దగ్గరా 2023 ఏప్రిల్ నుంచి కొత్త కార్లను రోడ్డు మీద నడిపించి కొలుస్తున్నారు. కొత్త బండి విషయంలో ఇంత అనుమానం ఉన్నవాళ్లకు, లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ మీద అంత నమ్మకం ఎలా కుదిరిందో!

కఠినంగా పరీక్షిస్తే చిన్న లారీ యజమాని చితికిపోతాడన్నది ఎదుటివారి వాదన. కిస్తీలు, టైర్లు, చలానాల భారం నిజమే. కానీ ఇప్పుడు చితికిపోతున్నది యూరియా కొని పోస్తున్నవాడే. అది ఎగ్గొట్టినవాడు కిరాయి తగ్గించి వీడి లోడు ఎత్తుకుపోతున్నాడు.

మైలేజీ నిబంధనదీ ఇదే తంతు. మైలేజీ తగ్గేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది కాబట్టి లెక్క దానితోనే. 2017లో కార్ల కంపెనీలకు సగటున కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టారు. 2022-23లో దాన్ని 113కు తగ్గించారు. కానీ అమ్మే కార్ల సగటు బరువు పెరిగితే లక్ష్యమూ సడలుతుంది. బరువైన కారుకు బహుమానమన్నమాట.

అసలు జబ్బు పొగది కాదు, కాగితంది. అపార్ట్‌మెంటుకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉంటుంది, గొట్టంలో నీళ్లుండవు. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ హడావిడి జూన్ దాటితే మళ్లీ కనిపించదు. మన పాలనలో ముద్ర పడటమే తనిఖీ.

జాతీయ వాయుశుద్ధి కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. దేశవ్యాప్తంగా ఆ నిధుల్లో సింహభాగం రోడ్ల దుమ్ముకే పోతోంది. అందులో కొంత తీసి, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే పరికరాలతో ఒక బృందాన్ని విజయవాడ-గుంటూరు దారిలోని కాజ టోల్‌గేటు దగ్గర, మరొకటి విజయవాడ రామవరప్పాడు రింగు దగ్గర నిలబెట్టండి. ట్యాంకులో ఉన్నది యూరియానో, కృష్ణా నీళ్లో నిమిషాల్లో తేలుతుంది.