సవరణ: తామర క్రీమ్ గురించి నేను రాసింది తప్పు

మొన్న తామర గురించి రాస్తూ, మందుల షాపులో ఇచ్చే ఏ క్రీమ్ అయినా పర్వాలేదు, దురద తగ్గగానే ఆపేయొచ్చు అన్నాను. రెండూ తప్పే, క్షమించండి. అలా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, దాంతో రెండు రోజుల్లో ఎరుపు, దురద తగ్గి నయమైపోయినట్టే అనిపిస్తుంది గానీ తామరకు కారణమైన ఫంగస్ చావదు, రాయడం ఆపగానే ఆ గుండ్రటి మచ్చ ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. ట్యూబు మీద మందు పేరు చదవండి. స్టెరాయిడ్ లేని క్రీమే, మచ్చ పోయాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు రాయాలి. చెమటకు తడిసి ఆరని మొలతాడు కింద కూడా ఇది బాగా పెరుగుతుంది. ఇంట్లో అందరికీ ఒకే తువ్వాలు మాత్రం వద్దు, అంటుకునేది అలాగే.