థాయ్ బేసిల్ అని పేరు పెట్టుకున్న ప్యాకెట్ గారికి

గౌరవనీయులైన ప్యాకెట్ గారికి,

నమస్కారాలు. తమరు మా ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట పక్కన చల్లగా ఉన్నారని తెలుసు. బయట మా పరిస్థితి అంత చల్లగా లేదు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి ఇంటిల్లిపాదీ కంచాల ముందు కూర్చున్నాక, తమరి ఆకు వేసిన థాయ్ చికెన్ ఫ్రైడ్ రైస్‌లోంచి పిజ్జా వాసన లేచింది. "పిజ్జా తెప్పించావా నాన్నా?" అని మా చిన్నది సంబరంగా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. దానికి నేనేం చెప్పాలో తమరే సెలవివ్వండి.

తమరి ముస్తాబు గురించి చెప్పకపోతే అన్యాయం. అద్దం లాంటి డబ్బా, మీద ఆకుపచ్చ లేబులు, లేబులు మీద మొనదేలిన గోపురం, కింద బంగారు రంగు అక్షరాల్లో పేరు. 30 గ్రాములు, 89 రూపాయలు. అందులో కాడల బరువెంతో నేను తూచలేదు, మర్యాద కాదని. పాపం ఎంత దూరం నుంచి వచ్చారో అనుకుంటూ డబ్బా తిప్పి చూస్తే ఊరి శివార్లలోని పాలీహౌస్ అడ్రసుంది. పోనీ, ఎక్కడ పెరిగితేనేం, ఆకు అసలుదైతే చాలనుకుని మూత తీశాను. గుండ్రటి ఆకులు, లోపలికి వంగిన అంచులు, లేతాకుపచ్చ కాడలు. పాస్తా మీద అలంకారానికి పెట్టే ఇటలీ ఆకు. థాయ్ బేసిల్‌కి సన్నటి మొనదేలిన ఆకులుంటాయి, కాడ ఊదారంగులో ఉంటుంది, నలిపితే సోంపు వాసన వస్తుంది. తమర్ని నలిపితే వచ్చిన వాసన గురించి మా చిన్నది చెప్పేసింది కదా.

చిత్రమేమిటంటే, తమరు చెప్పిన పేరు నిజమే అయినా సరే, నాకు కావలసిన ఆకు తమరు కారు. థాయ్‌లాండ్ వంటింట్లో ఈ కుటుంబం ఆకులు మూడు తిరుగుతాయి. సోంపు వాసన హోరపా గ్రీన్ కర్రీలోకి. నిమ్మ వాసన మేంగ్‌లక్ పులుసుల్లోకి, దాని గింజలు నానబెట్టి తీపి వంటకాల్లోకి. మూడోది కప్రావ్. సన్నగా కొట్టిన కోడిమాంసాన్ని వెల్లుల్లి, మిరపకాయలతో పెద్ద మంట మీద వేయించి, చివర్లో గుప్పెడు వేసి దింపేది ఇదే. దాని పేరు మీదే ఆ వంటకాన్ని ఫట్ కప్రావ్ అంటారు. అందులోనే అన్నం వేసి కలిపి వేయిస్తే ఖావ్ ఫట్ కప్రావ్. బ్యాంకాక్‌లో ఏం తినాలో బుర్రకి తట్టనివాళ్ళు ఆర్డర్ చేసే భోజనం ఆ ఫట్ కప్రావే, తెల్లన్నంతో, పైన అంచులు కరకరలాడే గుడ్డుతో. అంత మామూలు తిండి మీద కూడా వాళ్ళకి పట్టింపులెక్కువ. ఎవరైనా దాంట్లో అలసంద కాయలో బేబీ కార్నో కలిపితే ఇది కప్రావే కాదని థాయ్ జనం పోట్లాటకి దిగుతారు. అలసంద కాయకే అంత గొడవైతే తమర్ని చూసి ఏమంటారో ఊహించుకోండి.

ఇంతకీ ఆ కప్రావ్ ఎవరనుకున్నారు? మా తులసమ్మే. జాతి ఒకటే. థాయ్ వాళ్ళ రకంలో ఘాటు కాస్త ఎక్కువ, అంతే తేడా. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజెనాలే తులసిలోనూ ఉంది, అందుకే నలిపితే ఆ మంట వాసన. అంటే నాకు కావలసిన ఆకు మా బాల్కనీలో, స్టవ్వుకి పదడుగుల దూరంలో, పసుపు కుంకుమలతో కళకళలాడుతూ ఉంది. నేను మాత్రం ఫోన్లో తమరి కోసం వెతుక్కుంటున్నాను.

ఎందుకని అడగరేం? మా అమ్మని అడిగాను కాబట్టి.

"తులసమ్మని తీసుకెళ్ళి కోడిమాంసంలో వేస్తావా? కళ్ళు పోతాయిరా."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం తులసి కోయకూడదంది. మా ఇంట్లో చికెన్ వచ్చేది ఆదివారం ఒక్కరోజే. ఈ రెండూ కలిపి చూస్తే నా బతుకులో కప్రావ్‌కి పంచాంగంలోనే చోటు లేదు. తులసి సబ్బుతో ఒళ్ళు రుద్దుకుంటాం, తులసి పేస్టుతో పళ్ళు తోముకుంటాం, దగ్గొస్తే మిరియాలేసి కషాయం కాచుకుంటాం కదమ్మా అని వాదించాను. "సబ్బులో కోడి లేదుగా," అంది. దీనికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

పోనీ పూజకి సంబంధం లేకుండా వేరే మొక్క పెంచుకుందామని నర్సరీ నుంచి ఇంకో తులసి తెచ్చాను. కోట లేదు, మామూలు ప్లాస్టిక్ కుండీ. వాషింగ్ మెషీన్ వెనకాల, దేవుడి చూపు కూడా పడని మూల పెట్టాను. ఇది వంట మొక్క అని అందరికీ గట్టిగా చెప్పాను. చెప్పిన వారంలోనే దానికి బొట్టు వెలిసింది. కార్తీకంలో దీపం కూడా పెట్టారు. ఇప్పుడు మా ఇంట్లో తులసమ్మలు ఇద్దరు, కప్రావ్ సున్నా.

అలా రాజీపడి తమరి దగ్గరకొచ్చాను. అసలు ఆకు దక్కదు, కనీసం హోరపా అయినా దక్కితే సోంపు వాసనతో సర్దుకుపోదామనుకున్నాను. ఆ రాజీని కూడా తమరు మిగల్చలేదు.

మిగతావాళ్ళెవరూ నన్నింత అవమానించలేదు. ఫిష్ సాస్ గురించి నేనే అనవసరంగా భయపడ్డాను. మూత తీస్తే అమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోతుందేమో అనుకుంటే, ఆవిడ వాసన చూసి "నెత్తళ్ళు ఊరిన నీళ్ళేగా" అనేసింది. నిజమే, ఉప్పూ నెత్తళ్ళూ కలిపి నెలల తరబడి ఊరబెట్టి దించిన నీళ్ళవి. బాపట్ల వైపు పుట్టిన మనిషికి అదేం కొత్త? పరాయి దేశం సీసాకి వంటింట్లో చోటిచ్చిన చెయ్యే బాల్కనీలో ఆకుని మాత్రం తాకనివ్వదు.

అన్నంతోనూ గొడవ రాలేదు. థాయ్ వాళ్ళ జాస్మిన్ బియ్యంలో పేరున్న ఖావ్ డాక్ మలి 105 రకం 1959లో వచ్చింది. నేను వాడిన మన సాంబ మసూరిని, అంటే బీపీటీ 5204ని, 1986లో బాపట్ల నుంచే విడుదల చేశారు. ఆ బియ్యం మీద ఈగ వాలినా మా అమ్మ ఒప్పుకోదు. రాత్రి వండిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం గట్టిపడి పొద్దుటికి పలుకు పలుకుగా విడిపోయింది. ఫ్రైడ్ రైస్‌కి అంతకన్నా ఏం కావాలి? ఇక 'ఇంట్లో ఉన్నవాటితోనే 15 నిమిషాల్లో' అని మొదలుపెట్టి ఆయిస్టర్ సాస్, డార్క్ సోయా సాస్ అని చదివే వీడియోల సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. కొత్తిమీరని వేళ్ళు కోసేసి పంపే డెలివరీ వాళ్ళకి కూడా. థాయ్ వాళ్ళు ఆ వేళ్ళనే వెల్లుల్లి, మిరియాలతో కలిపి నూరుకుంటారు. రైతుబజారులో మట్టితో సహా ఇస్తారు, కడుక్కోవడమే మన పని.

ఇవాళ నేను పడ్డ పాట్లు వినండి. తొడ మాంసం తెచ్చి కత్తితో నేనే సన్నగా కొట్టాను, షాపులో మర కీమా వద్దని. వెల్లుల్లి, మిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచాను. బాణలి పొగలొచ్చేదాకా కాచి అవి వేయగానే ఇల్లంతా దగ్గు. అలా దగ్గొచ్చిందంటే వంట సరైన దారిలో ఉన్నట్టే. మాంసం, చెంచాడు నెత్తళ్ళ నీళ్ళు, ఆయిస్టర్ సాస్, చిటికెడు పంచదార, ఆపైన అన్నం. అన్నీ కుదిరాయి. మంట ఆపి, ఆ వేడికే వాడేలా ఆఖర్న ఆకు వేయాలి. వేశాను. తమర్ని వేశాను.

ఒరేయ్, ఒక్క మాట సూటిగా అడుగుతాను. నీకు నీ పేరుతో వచ్చిన కష్టమేంటి? ఇటాలియన్ బేసిల్ అని రాసుకుంటే ఎవరైనా తంతారా? పాస్తా చేసుకునేవాడు కళ్ళకద్దుకుని కొనుక్కుంటాడు. నీ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఆసిమమ్ బేసిలికమ్ అని ఉంది. లాయరుని కూర్చోబెట్టి రాయించినట్టుంది. ఎందుకంటే ఇటలీ ఆకూ ఆ జాతే, హోరపా కూడా ఆ జాతే. రేపు ఎవరైనా కేసు వేస్తే మేం అబద్ధమాడలేదని చూపించుకోవచ్చు. ముందు పక్క గోపురం, వెనక పక్క లాటిన్, మధ్యలో నా 89 రూపాయలు. బొమ్మ గీయించడానికి డబ్బులున్నాయి, ఏ ఆకో చూసి డబ్బాలో పెట్టే మనిషిని పెట్టుకోవడానికి లేవు! కొనేవాడికి తేడా తెలియదులే అనేగా మీ ధైర్యం?

యాప్‌లో ఫిర్యాదు చేశాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఫోటో పంపండి," అంది యంత్రం. పంపాను. కాసేపు ఆలోచించి, "ఆకులు తాజాగా ఉన్నాయి, నాణ్యతలో లోపం కనిపించలేదు," అంది. తాజాగా ఉన్న వేరే ఆకు అని టైప్ చేస్తే మళ్ళీ చింతించింది. దాని చింత నాకెందుకు? మనిషితో మాట్లాడాలని అడిగితే, మా సేవలకి ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగి చాట్ మూసేసింది.

అన్నం మాత్రం ఎవరూ వదిలిపెట్టలేదు. మా చిన్నది రెండోసారి కూడా పెట్టించుకుంది, పిజ్జా అన్నం బాగుందట. నాకు ఒళ్ళు మండింది గానీ గుడ్డు కింద ఆ ముద్ద నిజంగానే బాగుంది. ఆ మాట నీతో అనడం ఇష్టం లేదు.

గిన్నెలు సర్దుతుంటే అమ్మ డబ్బా తీసి ఒక ఆకు నలిపి చూసింది. "ఇది సబ్జా ఆకులా ఉందే! మా ఊళ్ళో దొడ్డి పక్కన పిచ్చిమొక్కలా మొలిచేది. డబ్బులిచ్చి కొన్నావా?" అంది. నేను మాట్లాడలేదు. జాతి విషయంలో ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. నీ లేబులు రాసినవాడు తప్పించుకు తిరిగిన సంగతిని మా అమ్మ వాసన చూసి చెప్పేసింది.

కాడలు పారెయ్యబోతే ఆపింది. నీళ్ళలో పెడితే వేళ్ళొస్తాయట. నిజమే, వస్తాయి. నాలుగు కాడలు ఇప్పుడు కిటికీ దగ్గర గాజు గ్లాసులో ఉన్నాయి. వేళ్ళొస్తే కుండీలో వేసి, మీద సున్నంతో పెద్దక్షరాల్లో సబ్జా అని రాయిస్తాను. ఒక మొక్కయినా అసలు పేరుతో బతుకుతుంది. ఈసారి మాత్రం దానికి బొట్టు పెట్టొద్దని అమ్మకి ముందే చెప్పాను. చూద్దాంలే అంది.

ఇట్లు,
తమరి డబ్బా ఇంకా పారెయ్యని వినియోగదారుడు