మహారాజశ్రీ జర్మన్ నేర్పే యాప్ గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేనేం క్షేమంగా లేను. తమరు క్షేమమేనని తెలుసు, ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండు నోటిఫికేషన్లు పంపారు కాబట్టి.

నిన్న జర్మన్ క్లాసు డెమోకి వెళ్ళానండి. ధైర్యంగానే వెళ్ళాను, ఒక్కరోజూ మానకుండా 412 రోజుల స్ట్రీక్ ఉన్నవాణ్ణి కదా, నేరుగా పై బ్యాచ్‌లో కూర్చోబెడితే మిగతావాళ్ళు ఫీలవుతారేమో అని కూడా అనుకున్నాను. టీచరమ్మ నవ్వుతూ పేరడిగింది, చెప్పాను. స్పెల్లింగ్ చెప్పమంది. మొదటి మెట్టైన ఎ1 పరీక్షలో మాట్లాడే భాగం మొదలయ్యేదే ఇలాగట, పరిచయం చేసుకోవడం, పేరు అక్షరం అక్షరం పలకడం, ఏదో ఒక నంబర్ చెప్పడం. నేను ఇంగ్లీషు అలవాటులో ‘ఏ’ అన్నాను, ఆవిడ బోర్డు మీద E రాసింది, ఎందుకంటే జర్మన్‌లో E అక్షరం పేరే ‘ఏ’. సరే కదా అని ‘ఈ’ అంటే I రాసింది. ‘వై’ అంటే ఏమీ రాయకుండా నా మొహం చూసింది, దాన్ని యుప్సిలోన్ అంటారట. చివరికి బోర్డు మీద తయారైన పేరు మా వంశంలో ఎవరికీ లేదు.

ఫోన్ నంబర్ సంగతి అడక్కండి. నలభై ఏడుని వాళ్ళు ఏడు-నలభై అని తిప్పి చెప్తారని నాకు తెలుసు. నాలుగు ఆప్షన్లు చూపిస్తే టక్కున నొక్కేవాణ్ణి. గాల్లో ఆప్షన్లు కనపడలేదు.

412 రోజులండీ! జ్వరం 102 ఉన్న రాత్రి దుప్పట్లోంచి ఒక్క చెయ్యి బయటపెట్టి లెసన్ కొట్టాను. రైల్లో సిగ్నల్ లేకపోతే తలుపు దగ్గర ఫోన్ పైకెత్తి నిలబడ్డాను. 11:58కి లైటేసి కంగారుగా ఫోన్ వెతుకుతుంటే ఇంట్లోవాళ్ళు ఎవరికేమైందో అని లేచొచ్చారు, ‘స్ట్రీక్’ అన్నాను, ఆ చూపు ఇంకా గుర్తుంది. ఇంత చేస్తే నువ్వు నాకు నేర్పిందేంటి? ఏనుగు నా చొక్కా వేసుకుంది. ఏ ఏనుగు? నా పేరు నాకు రాకముందే ఏనుగుకి చొక్కా ఎందుకు?

రాత్రి కూర్చుని లెక్క కట్టాను. రోజుకి నాలుగు నిమిషాలు, 412 రోజులకి 27 గంటల చిల్లర. ఏడాది దాటి చదివాననుకుంటున్నాను, చదివింది ఒక రోజూ మూడు గంటలూ! దాన్నే ముక్కలు చేసి, ముక్కకో మంట బొమ్మ అతికించి నాకు ప్రైజులా ఇచ్చావు. పైగా మొన్న ‘జపనీస్ కూడా మొదలుపెట్టండి’ అని మెసేజ్. అమెరికా దౌత్యవేత్తలకి భాషలు నేర్పే సంస్థ జపనీస్‌కి 2200 క్లాసు గంటలు లెక్కేసింది. నీ నాలుగు నిమిషాల చొప్పున 90 ఏళ్ళు. మధ్యలో నేను పోతే, మానేసిన రోజుకి లెక్క తెగకుండా కాపాడే ఆ స్ట్రీక్ ఫ్రీజ్ ఇస్తావా?

ఇంకోటి. ‘అమ్మాయి’ అన్న మాట వాళ్ళకి నపుంసక లింగం, డాస్ మేట్షెన్. ముందు పెట్టే డెర్ పుంలింగానికి, డీ స్త్రీలింగానికి, డాస్ నపుంసకానికి. అమ్మాయే కదా అని నేను ఆరుసార్లు ‘డీ’ పెట్టాను, ఆరుసార్లూ ఎర్రగా చూపించి ఒక్కో హార్టు లాక్కున్నావు గానీ ఎందుకో ఒక్క ముక్క చెప్పలేదు. మాట చివర ‘షెన్’ తోక ఉంటే ‘చిన్నది’ అని, ఆ తోక తగిలినవన్నీ డాసేనని టీచరమ్మ అర నిమిషంలో చెప్పేసింది.

(క్లాసులేం పుణ్యక్షేత్రాలు కావు. గంటన్నరకి 22 మంది, తలా నాలుగు నిమిషాలు, అక్కడా నాలుగే. కాకపోతే ఆ నాలుగు నిమిషాలూ ఎదురుగా మనిషి ఉంటుంది, ‘ఇప్పుడు మాట్లాడలేను’ అనే బటన్ ఉండదు. ఆ బటన్ నేనెన్నిసార్లు నొక్కానో నీ దగ్గర లెక్కుంటుంది, బయటపెట్టకు.)

సరే, ఇదీ చెప్పాలి. డెమో చివర్లో టీచరమ్మ చెంచా, ఫోర్కు, కత్తి బొమ్మలు చూపించి ఏది ఏ లింగమో అడిగింది. అందరూ తల దించుకున్నారు. నా నోట్లోంచి ‘డెర్ లోఫెల్, డీ గాబెల్, డాస్ మెస్సర్’ అని వచ్చేసింది, వచ్చాక గానీ నాకే తెలీలేదు. అది నీ చలవే. సరిగ్గా మర్చిపోయే టైమ్‌కి ఆ ఫోర్కు తెచ్చి మళ్ళీ మొహాన పెట్టడం ఇంకెవరూ అంత ఓపిగ్గా చెయ్యరు.

ఫీజు కట్టేశాను, వారానికి మూడు రోజులు. ఆ కోపంలో నిన్న రాత్రి నిన్ను తెరవనే లేదు, పీడా పోయింది, సున్నా అయ్యుంటుంది అని పొద్దున చూస్తే 412 అలాగే ఉంది. నన్నడక్కుండా ఫ్రీజ్ వాడేశావట.

ఇట్లు,
పేరులో యుప్సిలోన్ ఉన్నవాడు