నంబర్ వన్ అంటారు సరే, ఏ లెక్కన?

ఒక పాప్ పాట విడుదలైన వారానికే చార్టులో, అంటే జనాదరణ పొందిన పాటల వారపు పట్టికలో, మొదటి స్థానానికి చేరితే చాలు, "ఇంతకన్నా జనాదరణ ఏముంటుంది?" అని వాదనకు దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోపం పాట మీద కాదు. ఆ అంకె ఎలా పుట్టిందో ఒక్కరూ అడగరు, అదీ నా బాధ.

1952 నవంబరులో బ్రిటన్‌లో తొలి అమ్మకాల చార్టు వెలువడింది. ఒక సంగీత పత్రికవాళ్లు సుమారు 20 రికార్డు దుకాణాలకు ఫోను చేసి, ఏవి బాగా అమ్ముడవుతున్నాయో అడిగి రాసుకున్నారు. అమెరికాలో చార్టులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక కూడా 1991 దాకా దుకాణదారుల మాట మీదే ఆధారపడింది. వాళ్ల అభిరుచీ, మొహమాటమూ ఆ లెక్కలో కలిసిపోయేవి. ఆ ఏడాది సౌండ్‌స్కాన్ అనే లెక్కింపు వ్యవస్థ వచ్చి, బిల్లు వేసే చోట బార్‌కోడ్‌తో లెక్కించడం మొదలుకాగానే కంట్రీ (అమెరికా పల్లె బాణీ), ర్యాప్ ఆల్బమ్‌లు పైకి ఎగబాకాయి. శ్రోతల అభిరుచి రాత్రికి రాత్రే మారిందా? లేదు. వాళ్లు అంతకుముందు కూడా కొంటూనే ఉన్నారు, సరిగ్గా లెక్కపెట్టినవాళ్లే లేరు.

అమెరికా గాయని మరియా కేరీ క్రిస్మస్ పాట 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ' సంగతి ఇంకా విచిత్రం. 1994లో అది వచ్చినప్పుడు అమెరికాలో సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో పని లేకుండా విడిగా కొనుక్కునేలా, అమ్మకానికి పెట్టలేదు. అప్పటి నిబంధన ప్రకారం, సింగిల్‌గా అమ్మని పాటకు బిల్‌బోర్డ్ పాటల చార్టు హాట్ 100లో చోటు లేదు. రేడియోలో ఎంత మోగినా అంతే! ఆ నిబంధన 1998 చివరలో పోయింది. పాట మొదటి స్థానానికి చేరింది మాత్రం 2019 డిసెంబరులో.

పోనీ, అమ్మకాలనే నమ్ముదామా? కొన్న మనిషి రెండోసారి విన్నాడో లేదో అమ్మకం చెప్పదు. అభిమాని ఒక్కడే నాలుగు ప్రతులు కొంటే నలుగురు కొన్నట్టే కనిపిస్తుంది. ఇక స్ట్రీమింగ్: అమెరికాలో బాగా అమ్ముడైన పాటలకిచ్చే గోల్డ్, ప్లాటినం గుర్తింపులకు 150 స్ట్రీమ్‌లను ఒక అమ్మకంగా కడతారు. నూటయాభై మంది ఒక్కోసారి విన్నా, కొద్దిమంది పదేపదే విన్నా కాగితం మీద తేడా లేదు. నా దృష్టిలో మాత్రం అవి రెండూ ఒకటి కానే కావు.

2017 మార్చిలో బ్రిటన్ గాయకుడు ఎడ్ షీరన్ ఆల్బమ్ రాగానే బ్రిటన్ టాప్ 20లో 16 పాటలు ఆయనవే. ఆల్బమ్ మొత్తం విన్నవాళ్ల వల్ల ప్రతి పాటా విడిగా హిట్ అయినట్టు కనిపించింది. తర్వాత ఆ ఏడాదే, ప్రధాన గాయకుడికి మూడు పాటలకు మించి చోటు ఇవ్వకూడదని నిబంధన తెచ్చారు. నిబంధన మారితే హిట్‌ల సంఖ్యే మారిపోతోంది, చూశారా?

నన్నడిగితే మొదటి వారం అంకె కన్నా మూడో నెల అంకె విలువైనది. అప్పటికి ప్రచారం చల్లబడి ఉంటుంది, అభిమానుల హడావుడి తగ్గి ఉంటుంది. ఇంకా వింటున్నారంటే పాట నచ్చే వింటున్నారు. దానితో పాటు ఎంతమంది వేర్వేరు మనుషులు విన్నారో కూడా తెలియాలి. స్పాటిఫైలో కళాకారుడి పేజీలో నెలవారీ శ్రోతల సంఖ్య కనిపిస్తుంది. విడి పాట దగ్గరికి వచ్చేసరికి ఎన్నిసార్లు మోగిందో చెబుతారు తప్ప ఎందరు విన్నారో చెప్పరు. ఆ రెండో అంకెనూ పాట పక్కనే వేయండి. అప్పుడు మాట్లాడుకుందాం ఏది హిట్టో.