మట్టి ట్రాక్ టైము చెల్లదా? మన వర్సిటీల అథ్లెటిక్స్ మీద తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

నల్గొండ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతూ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ నిన్నగాక మొన్న పుట్టినయి, వాటికి అథ్లెటిక్స్ చరిత్ర ఎక్కడిది? ఆజాద్ ట్రోఫీ గెలవనోళ్లకు ఆటల విభాగం ఉన్నా లేనట్టే. మట్టి ట్రాక్ మీద తీసిన టైము ఎక్కడా చెల్లదు. ఇంటర్ కాలేజీల ఫస్టొచ్చిన కాగితం ఉంటే కోటా కొలువుకు చాలు, ఇంటర్ వర్సిటీకి పోవుడు దండుగ."

ఇంటర్ కాలేజీ అంటే ఒకే వర్సిటీ కింది కాలేజీల మధ్య జరిగే పోటీ, ఇంటర్ వర్సిటీ అంటే వర్సిటీల మధ్య పోటీ. కోటా కొలువంటే క్రీడా కోటాలో వచ్చే ఉద్యోగం. ఈ మెసేజ్‌లో ఒక్క మాట సగం నిజం. మిగతావి తప్పు. చివరిదైతే నమ్మిన పిల్లల కొలువుకే ఎసరు పెడుతుంది.

ముందు చరిత్ర సంగతి. నల్గొండ మహాత్మాగాంధీ వర్సిటీ 2007లో, పాలమూరు వర్సిటీ 2008లో వచ్చిన మాట వాస్తవమే. కానీ అంతకు ముందు ఈ జిల్లాల డిగ్రీ కాలేజీలన్నీ ఉస్మానియాకు అనుబంధం. నల్గొండ నాగార్జున ప్రభుత్వ కళాశాల (ఎన్జీ కాలేజీ) 1956 నాటిది. అంటే అరవై దాటిన కాలేజీకి 2007లో పుట్టిన వర్సిటీ వయసు అంటగడుతున్నారు. ఆ యాభై ఏళ్లూ ఎన్జీ కాలేజీ కుర్రాడు ఇంటర్ కాలేజీ మీట్‌లో గెలిచి జట్టులోకి ఎంపికైతే, ఛాతీ మీద ఉస్మానియా పేరుతోనే పరుగెత్తాడు. పతకం తెస్తే అది ఉస్మానియా ఖాతాలోనే పడింది. లెక్క వేరే పుస్తకంలో రాసి ఉంటే అసలు లెక్కే లేదనడం న్యాయమా? ఇంటర్ వర్సిటీ ఎంట్రీ ఫారంలో ఆటగాడి పేరుతో పాటు కాలేజీ పేరూ రాయాల్సిందే. మన చరిత్ర కావాలంటే వెతకాల్సింది ఆ కాలేజీ పేర్ల దగ్గర.

ఆజాద్ ట్రోఫీ (ఆటల్లో మొత్తమ్మీద ముందున్న వర్సిటీకి ఇచ్చే మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ) గురించి రెండు మాటలు చాలు. 1956-57లో మొదలైన ఆ ట్రోఫీ ఒక్క అథ్లెటిక్స్‌కు ఇచ్చేది కాదు. ఎన్నో ఆటల్లో తెచ్చుకున్న పాయింట్లన్నీ కలిపి ఇస్తారు. అందుకే దాన్ని ఎక్కువగా పట్టుకెళ్లింది హాస్టళ్లు, కోచ్‌లు, మైదానాలు పెద్ద ఎత్తున ఉన్న పంజాబ్ వైపు వర్సిటీలు. పదిమంది అథ్లెట్ల జట్టును ఆ తూకంలో పెట్టడం కందిపప్పును గజాల్లో కొలిచినట్టు.

ఇక మట్టి ట్రాక్. సగం నిజం ఉన్నది ఇక్కడే. ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ లాంటి పోటీలు సింథటిక్ (కృత్రిమ పొర వేసిన) ట్రాక్ మీదే జరగాలి. కింది స్థాయి పోటీలకు నిబంధన అడిగేది గట్టిగా, ఒకే తీరుగా ఉండి, కొలతలకు సరిపోయే నేల. ఒలింపిక్స్‌లో సింథటిక్ ట్రాక్ వచ్చిందే 1968 మెక్సికోలో. 1960 రోమ్‌లో మిల్ఖా సింగ్ 400 మీటర్లు 45.6 సెకన్లలో పరుగెత్తింది బొగ్గుపొడి ట్రాక్ మీద. ఆ జాతీయ రికార్డును దాటడానికి 1998 దాకా ఆగాల్సొచ్చింది. నేల సింథటిక్ కాదని దాన్నెవరూ కొట్టెయ్యలేదు.

మరి మన మైదానంలో తీసిన టైము బయట ఎందుకు నిలబడదు? తప్పు మొరంలో లేదు, టేపులో, గడియారంలో ఉంది.

ట్రాక్ గీసేటప్పుడు పుస్తకంలో చూసి మలుపులకు 36.50 మీటర్ల వ్యాసార్థం పెట్టేస్తారు. ఆ లెక్క లోపలి అంచుకు ఎత్తు గట్టు ఉన్న ట్రాక్‌కు. గట్టుంటే పరుగు దారిని 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. మన దగ్గర ఉండేది సున్నం గీతే, కాబట్టి 20 సెంటీమీటర్ల అవతలే కొలవాలి. ఆ 10 సెంటీమీటర్ల తేడాతో మొదటి లేన్ 400కు బదులు 399.37 మీటర్లే అవుతుంది. ఒక రౌండుకు 63 సెంటీమీటర్లంటే చిన్నదే అనిపిస్తుంది. 10,000 మీటర్లకు 25 రౌండ్లు, అంటే దాదాపు 16 మీటర్లు తక్కువ పరుగెత్తినట్టు. మూడు సెకన్లు ఊరికే కలిసొస్తాయి.

సరిచేయడం కష్టమేమీ కాదు. రెండు మలుపుల కేంద్రాల దగ్గర మేకులు 84.39 మీటర్ల దూరంలో దిగ్గొట్టండి. వ్యాసార్థం 36.60 తీసుకోండి. మధ్య దీర్ఘచతురస్రం రెండు కర్ణాలూ కొలిస్తే 111.71 మీటర్ల చొప్పున రావాలి. రెండింటికీ తేడా వస్తే మూలలు లంబంగా లేనట్టే, సున్నం పోసే ముందే మేకు జరపండి. గుడ్డ టేపు లాగితే సాగుతుంది, స్టీలు టేపే వాడండి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. 400 మీటర్ల పరుగుకు రెండో లేన్ స్టాగర్ (బయటి లేన్ వాళ్లను ముందుకు నిలబెట్టే దూరం) గట్టు ఉన్న ట్రాక్‌లో 7.04 మీటర్లు, గీత మాత్రమే ఉన్న ట్రాక్‌లో 7.67. సరిచేసిన ట్రాక్ మీద కూడా పాత అలవాటుతో 7.04 పెడితే రెండో లేన్ పిల్ల 63 సెంటీమీటర్లు ఎక్కువ పరుగెత్తాలి. ఓడిపోయాక ఆ పిల్ల స్టామినాను తప్పుపడతారు.

మొరం నేలకు ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, తెల్లారి తడి ఇంకా ఉండగానే రోలర్ తిప్పాలి. పూర్తిగా ఎండాక తిప్పితే పైపొర పొడిగా లేచి, మధ్యాహ్నం పోటీలకు మొదటి లేన్ అంతా దుబ్బ అవుతుంది.

గడియారం పొరపాటు ఇంకా పెద్దది. 100 మీటర్ల పరుగులో ఫినిష్ దగ్గర నిలబడ్డవాళ్లు తుపాకీ పొగ చూసి వాచీ నొక్కాలి. చప్పుడు విని నొక్కితే, ధ్వని ఆ 100 మీటర్లు వచ్చేసరికే సుమారు 0.3 సెకన్లు గడిచిపోతాయి. అలా నిజానికి 11.2 పరుగెత్తిన కుర్రాడి పేరు ముందు 10.9 పడుతుంది. చేతి వాచీకి, ఎలక్ట్రానిక్ టైముకు మధ్య ఈ పరుగులో 0.24 తేడా లెక్కిస్తారు. కాబట్టి అతనే ఇంటర్ వర్సిటీకి వెళ్లి అంతే బాగా పరుగెత్తినా 11.44 వస్తుంది. చూసినవాళ్లు "మట్టి మీద పులి, సింథటిక్ మీద పిల్లి" అంటారు. కుర్రాడు ఏమీ తగ్గలేదు, మనం రాసిన అంకె మొదటి నుంచీ తప్పు.

ముగ్గురు టైమ్ కీపర్లను పెట్టండి. మూడు టైములూ వేరైతే నడిమిది తీసుకోవాలి, రెండు కలిస్తే ఆ రెండూ చూపినది. వాచీ 11.21 చూపితే 11.3 రాయాలి గానీ 11.2 కాదు. 100, 200, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్‌లకు వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డుకు పనికిరాదు. విండ్ గేజ్ (గాలి వేగం కొలిచే పరికరం) లేకపోతే ఆ సంగతి రికార్డు షీటులో రాసిపెట్టండి.

స్పైక్స్ (అడుగున మేకులున్న పరుగు బూట్లు) కూడా ముందే చూసుకోవాలి. మట్టి మీద మేకు 25 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. సింథటిక్ మీద 9 దాటకూడదు, హైజంప్‌కు, జావెలిన్‌కు 12 దాకా ఒప్పుకుంటారు. పొడుగు మేకులతో వెళితే కాల్ రూమ్‌లోనే (పోటీకి ముందు ఆటగాళ్లను తనిఖీ చేసే చోటే) ఆపేస్తారు. మార్చుకునే మేకులు, వాటిని తిప్పే స్పానర్ సంచిలో ఉండాలి.

ఇంటర్ వర్సిటీకి పోవడం దండుగన్న మాటకు వద్దాం. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో పోటీ స్థాయిని బట్టి వేర్వేరు సర్టిఫికెట్ ఫారాలున్నాయి. ఒకటోది అంతర్జాతీయ పోటీలకు, రెండోది జాతీయ పోటీలకు, మూడోది ఇంటర్ వర్సిటీకి, నాలుగోది జాతీయ పాఠశాలల పోటీలకు. ఇంటర్ కాలేజీ పోటీలకు ఫారమే లేదు. అక్కడ ఎన్ని బంగారు పతకాలు గెలిచినా అవి జట్టులోకి వెళ్లే దారి మాత్రమే. వర్సిటీ తరఫున ఆడినప్పుడే మూడో ఫారం దక్కుతుంది. ఇంటర్ వర్సిటీలో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవాళ్లకు ప్రాధాన్యం వేరు, పాల్గొన్నవాళ్లకు వేరు.

పై మెట్లు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. ఒడిశా విద్యార్థిని ద్యుతీ చంద్ 2019లో నేపుల్స్ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో గెలిచి బంగారు పతకం తెచ్చింది వర్సిటీ విద్యార్థినిగానే.

మూడో ఫారం మీద సంతకం పెట్టాల్సింది వర్సిటీలో క్రీడల బాధ్యత చూసే డైరెక్టరో, డీనో, ఆ హోదా ఉన్న అధికారో. కాలేజీ ప్రిన్సిపల్ గానీ, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గానీ పెడితే చెల్లదు. పోటీ పేరు, జరిగిన చోటు, తేదీలు, వచ్చిన స్థానం మెరిట్ సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. డిగ్రీ అయిపోయి నాలుగేళ్ల తర్వాత నోటిఫికేషన్ పడ్డాక తిరిగితే పాత ఫైళ్లు దొరకడం కష్టం. పోటీ నుంచి వచ్చిన నెలలోపే ఫారం నింపించి సంతకం, ముద్ర వేయించుకోండి.